మీరు అన్నందుకు

ఇరవై తొమ్మిదేళ్లు స్టాక్‌హోమ్ పాతపట్నంలో ఉత్తరాలు పంచాను. ఏ తలుపు ఏ నెలలో బిగుసుకుంటుందో, ఏ మెట్ల మీద ఎవరి కుక్క పడుకుంటుందో గున్వోర్‌నడిగితే చెబుతుందని మా తపాలా ఆఫీసులో అనుకునేవారు. గున్వోర్‌ని నేనే. అలాంటిదాన్ని, ఊరు చూపించే గైడు పరీక్ష రెండుసార్లు తప్పాను. ఒకసారి రాజుల వరస తారుమారైంది, ఇంకోసారి నోరే పెగల్లేదు. మూడోసారీ తప్పితే ఇక కూర్చోనివ్వరు. మోకాళ్లు పాడయ్యాయని నా సంచీ లాక్కున్నారు సరే, ఈ సందుల్లో నడవకుండా ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదు. గైడు బిళ్ల కోటుకు పెట్టుకుని మళ్లీ ఇక్కడే తిరగాలి. నా ఆశంతా అదే.

బయల్దేరుతుంటే మా ఆయన సిక్స్‌టెన్ కాఫీ కప్పులోంచి తల ఎత్తాడు.

"ఈసారైనా మనవణ్ని తాత కంటే ముందు సింహాసనం ఎక్కించకు."

"నువ్వు ముందా గిన్నెలు కడుగు," అన్నాను.

పరీక్ష అంటే నడకే. నేను ముందు నడుస్తూ చెప్పాలి, పరీక్షించేవాడు వెనక నడుస్తూ వినాలి. ఆయన పేరు ఎబ్బె. డెబ్బై అయిదేళ్లు ఉంటాయి, నవ్వితే ఏదో తరిగిపోతుందన్నట్టు ఉంటాడు.

ఏప్రిల్ ఎండ అప్పుడే పెద్ద చౌకులోకి దిగింది. చలికాలమంతా మంచు మీద జారకుండా చల్లిన గులక ఇంకా ఊడ్చలేదు, బూట్ల కింద కరకరలాడుతోంది. ఆవపిండి రంగు ఇల్లు, దాని పక్కన ఇటుక రంగు ఇల్లు, రెండూ అప్పుడే తలంటుకున్నట్టున్నాయి. ఎన్ని వేలసార్లు చూశానో ఈ గోడల్ని, ఇప్పటికీ కళ్లు చాలవు. రాజుల గురించి చెప్పాను. ఒకచోట తడబడ్డాను. చేతిలోని పుస్తకం మీద ఎబ్బె పెన్ను కదిలింది.

సందు మలుపులో కాస్త కుదురుకున్నాను. బండి చక్రాలు గోడ గీరకుండా అక్కడ పాత ఫిరంగి గొట్టం నిలబెట్టారు. దాని పక్కనే, వెయ్యేళ్లనాటి రాతలున్న రాయిని మామూలు బండలా గోడలో పెట్టి కట్టేశాడు ఎవరో మేస్త్రి.

"ఆ మేస్త్రికి చదువొచ్చుంటే ఇది మ్యూజియంలో ఉండేది. రాలేదు కాబట్టి మనకి దారిలో దక్కింది," అన్నాను. ఎబ్బె పెదవి ఒక పక్కకి కొంచెం కదిలింది.

ఆ ధైర్యంతో తర్వాతి వీధిలో చకచకా నడిచాను. అయిదో ఇంటి దగ్గర ఆయన ఆగాడు.

"ఎందుకు నువ్వు ఊరికే అటూ ఇటూ దాటుతున్నావ్?"

చూసుకుంటే నిజమే. ఉత్తరాలు పంచేటప్పటిలాగే ఎడమ తలుపుకోసారి, కుడి తలుపుకోసారి వీధికి కుట్లు వేస్తున్నాను. మొహం వేడెక్కింది.

"పాత అలవాటు. మీరు ఏమీ అనుకోకండి."

నోరు జారాక గానీ తెలియలేదు. మా దేశంలో మంత్రినైనా మేస్త్రినైనా 'నువ్వు' అనే అంటాం. ఈ మధ్య రొట్టెల దుకాణంలో కుర్రకారు మర్యాదనుకుని ముసలివాళ్లని 'మీరు' అంటోంది, అక్కడ తగులుకుంది నాకీ జబ్బు. పాతకాలంలో హోదా ఉన్నవాణ్ని హోదాతో పిలిచేవారు. ఏ హోదా లేని పనివాళ్లకే 'మీరు', అదొక చిన్నచూపు.

ఎబ్బె పుస్తకం మూసేశాడు.

"ఈ చుట్టుపక్కలే ఓ ఇంట్లో మా అమ్మ పనిచేసింది. పద్దెనిమిదేళ్లు. మీరు ఇది తుడవండి, మీరు అది ఎత్తండి. ఒక్కరోజూ ఆ ఇంటివాళ్లు పేరు పెట్టి పిలవలేదు."

నా పని అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది, నా మీద నాకే ఒళ్లు మండింది. పోయిన పరీక్ష ఎలాగూ పోయింది, కనీసం నాకిష్టమైనది చూపించి పోదామనిపించింది.

"నాతో రా ఎబ్బె," అని పక్క ఇంటి పెరట్లోకి తీసుకెళ్లాను.

అక్కడ వంటింటి మెట్లుంటాయి. ముందువైపు దొరల మెట్లు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి. ఈ వెనక మెట్టు మాత్రం కట్టెలూ నీళ్లూ మోసిన కాళ్ల కింద అరిగి గిన్నెలా గుంటపడింది. రాత్రి వాన నీళ్లు అందులో నిలిచాయి. మెట్ల పక్క సున్నం మీద పనికత్తెలు మేకుతో గీసిన పేర్లున్నాయి. సంచీ దించుకుని ఊపిరి తీసుకునేటప్పుడల్లా చదివేదాన్ని. ఇప్పుడు గోడ వైపు చూడకుండానే చెప్పాను.

"ఎల్నా. హుల్డా. యెన్నీ. ఇంకో హుల్డా. సెల్మా. ఒట్టీలియా."

ఎబ్బె గోడ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూశాడు.

"అమ్మ పనిచేసింది ఈ ఇల్లు కాదు, అవతలి వీధి. ఆ మెట్లు పగలగొట్టేశారు," అన్నాడు. తర్వాత పుస్తకం మళ్లీ తెరిచాడు. "నీ రాజుల్లో ఒకడు తప్పాడు."

"తెలుసు."

"వీళ్లలో ఒక్కరూ తప్పలేదు. ఆ ఒక్క రాజునీ ఇంట్లో కూర్చుని నేర్చుకో. బిళ్ల వచ్చే వారం ఇస్తారు."

గేటు దగ్గరికొచ్చాక అడిగాను, "మీ అమ్మ పేరేంటి?"

జూన్‌లో నా మొదటి గుంపును ఆ పెరట్లోకి తీసుకెళ్లాను. అందరి వెనకాల, టోపీ చేతిలో పట్టుకుని, ఎబ్బె నిలబడ్డాడు. నేను గోడ మీది పేర్లన్నీ చెప్పాను. ఒట్టీలియా తర్వాత ఆగి, "అవతలి వీధిలో టెక్లా," అన్నాను.