తలుపు తట్టిందెవరు

నా కథలన్నీ ముందు మా అక్క వినాల్సిందే. తను దర్జీ. తన కొట్లో ముక్కాలిపీట మీద కూర్చుని నేను చదువుతుంటే, తను బట్టలు కుడుతూ వింటుంది. కథ బాగుంటే మిషన్ ఆగుతుంది. లేకపోతే టకటకా సాగుతూనే ఉంటుంది. అంత నిక్కచ్చిగా ఏ విమర్శకుడూ నా మొహం మీద చెప్పలేదు.

నా పాత కథ ఒకటి, వానలో ఎవరో తలుపు తట్టడంతో ముగుస్తుంది. తట్టిందెవరని పాఠకులు నా ప్రాణాలు తోడేశారు. పుస్తకం మళ్లీ అచ్చవుతోంది, ఈసారి చివర వివరణ ఇవ్వమన్నాడు ప్రచురణకర్త. నాకూ విసుగెత్తి మూడు పేజీలు రాసి పారేశాను. తట్టింది పాలవాడు. అచ్చుకు పంపేముందు అక్క దగ్గరికి వెళ్లాను.

"ఆ తలుపు కథకి వివరణ రాశానక్కా. ఎవరొచ్చారో చెప్పేశాను."

నేను చదవడం మొదలుపెట్టగానే మిషన్ జోరందుకుంది. గొంతు పెంచాను. అదీ పెరిగింది. పాలవాడి పేరెత్తేసరికి చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ఒళ్లు మండి తలెత్తి చూద్దును కదా, సూది కింద గుడ్డే లేదు. ఉత్త మిషన్ తొక్కుతోంది. కళ్లనిండా నీళ్లు.

"ఏమైందక్కా?"

కాళ్లు ఆపింది. "మీ బావ చనిపోయిన ఏడాదే కదా ఆ కథ వచ్చింది. చదివిన ప్రతిసారీ ఆ తలుపు నేనే తీస్తాను. ఆయన తడిసి ముద్దయి నిలబడి ఉంటారు. ఇప్పుడు నువ్వు పాలవాణ్ణి పంపిస్తే నేనేం చేసుకోను?"

నేను గుమ్మం దాకా తెచ్చి వదిలేసిన కథని, ఇన్నేళ్లూ లోపలికి పిలిచి తల తుడిచింది తను. నా కథకి ఇంతకంటే ఏం కావాలి? అక్క చేతులు పట్టుకున్నాను.

ప్రచురణకర్తకు అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. "వివరణ లేదండీ. పాఠకులు తిడితే నన్ను తిట్టనివ్వండి." ఆయన ఏదో గొణిగాడు.

"ఆ కాగితాలిలా ఇవ్వు, కాలరు నమూనాకి పనికొస్తాయి," అంది అక్క. సుద్దతో గీసి, కత్తెర వేసింది. పాలవాడు రెండు ముక్కలయ్యాడు.

అంతటితో ఊరుకుంటే నేను రచయిత్రిని ఎందుకవుతాను?

"ఇంతకీ లోపలికొచ్చాక బావ ఏమంటాడక్కా?"

అక్క సూది కింద గుడ్డ పెట్టి, కళ్లు తుడుచుకుని నవ్వింది.

"నీకు చెప్పను."