గద్ద ఎక్కే ఎత్తు

మోకాళ్లు కొంచెమే వంచాలి, మరీ వంచితే దొరికిపోతుంది, గౌను పాదాల దాకా ఉంది కాబట్టి కనపడదు, అందుకే కదా అంత పొడుగ్గా కుట్టింది, అత్తయ్య చూసి ఏమే వసీలా, ఆరేళ్ల పిల్లకి ఇప్పుడే పెళ్లి చేస్తావా ఏం, అంది, అత్తయ్యకి చెబితే అన్నాబా ఊరంతా చాటింపు వేసినట్టే అని నవ్వి ఊరుకున్నాను, జుట్టు నడినెత్తిన ముడి వేయకుండా మెడ మీదికి దించి జడ అల్లాను, చెప్పులు అట్టముక్కల్లాంటివి, ఇక నా తల్లి తఖ్వా మెడ కూడా కాస్త లోపలికి లాక్కుందంటే గీత కిందికి దిగిపోతుంది, అదిగో ఆటల పార్కు గేటు పక్కన కొలతచెక్క, దాని మీద ఎర్రగీత, గీత కిందున్న పిల్లలకి ప్రవేశం ఉచితం, దాటితే పెద్దవాళ్ల టికెట్టే, బొటనవేలంత ఎత్తుకి అంత డబ్బా, మా పిల్ల దాటింది బొటనవేలంతే, అదీ ఈ వేసవిలోనే, లోపలున్న గద్ద రాట్నం ఎక్కాలంటే మాత్రం గీత దాటాలి, అదీ నాకు తెలుసు, దానికీ ఉపాయం ఉంది, గేటు దగ్గర వంగు, గద్ద దగ్గర నిలబడు, ఇది మనిద్దరి ఆట, అని రాత్రే చెవిలో చెప్పాను, గోడ మీంచి కనిపిస్తోంది గద్ద, ఎర్రటి ముక్కు, రెక్కల కింద వరసగా మనుషులు, పైకి లేచి సముద్రం వైపు ఒరిగిపోతుంటే అందరూ ఒక్కసారిగా కేకలు, తఖ్వా నా వేళ్లు నలిపేస్తోంది, అమ్మా చూడు అమ్మా చూడు, చూస్తున్నానే, నా గుండె కూడా నీలాగే గంతులేస్తోంది.

ఏడాది నుంచీ ఇంట్లో ఇదే పాట, పక్కింటివాళ్ల ఫోనులో ఈ గద్దని చూసిన రోజు నుంచీ, గద్దకి సరిపోయే ఎత్తు కావాలని తఖ్వా కుర్చీ ఎక్కి తలుపు పైచట్రం పట్టుకుని వేలాడేది, పప్పులో ఇనుముంటుంది, తింటే పొడుగవుతావు అని నాయనమ్మ అంటే, పప్పు చూస్తేనే మూతి ముడిచే పిల్ల గిన్నె నాకేసింది, ప్రతి శుక్రవారం వంటింటి తలుపుకి వీపు ఆనించి నిలబడి పెరిగానా అమ్మా అనేది, దేవుడా ఆ గీత దాటించు అని అది, దేవుడా ఇంకొక్క వేసవి ఆగు అని నేను, ఒకే ఇంట్లోంచి రెండు రకాల ప్రార్థనలు పోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు, అది చిన్నది కాబట్టి దాని మాటే విన్నాడు. నేను మాత్రం పెళ్లిళ్లకి మక్రూత్ చేసి చేసి, ఖర్జూరం ముద్ద కూరి నూనెలో దేవి తేనెలో ముంచి, చేతులకి ఆ తేనె వాసన వదలనే లేదు, మా ఆయన లఖ్దర్ దగ్గరికి వచ్చి ముద్దు పెట్టుకుంటే తియ్యగా ఉన్నావే అనేవాడు, ఒక్కో పళ్లెం మక్రూత్ ఒక్కో అడుగు ట్యునీషియాలో ఉన్న ఈ హమ్మామెత్ వైపు, వచ్చిన డబ్బు బట్టసంచీలో దాచి రొమ్ము మీద కట్టుకుని, ఇప్పుడు కూడా అక్కడే ఉంది, పైకి చెయ్యి పెట్టి తడుముకున్నాను, ఉంది, అందులో సగానికి సగం ఇంటికి తిరిగి పట్టుకెళ్లకపోతే నా పేరు వసీలాయే కాదు.

మేం బయల్దేరుతుంటే పక్కింటావిడ కారు వెనక నీళ్లు చల్లింది, క్షేమంగా తిరిగి రావాలని, ఆ నీళ్లు ఆరకముందే లఖ్దర్ బంకు దగ్గర ఆపాడు, మన అల్జీరియా వైపు పెట్రోలు చవక, గొంతు దాకా పోయించాం, కారు నెత్తిన బస్తాడు రవ్వ, నూనె డబ్బా, కాఫీ, కుస్కుస్ ఉడికించే పెద్ద గిన్నె, సరిహద్దు దగ్గర కుర్ర అధికారి పైకి కిందికి చూసి ఏంటక్కా ఇదంతా, హమ్మామెత్‌లో గానీ కరువొచ్చిందా అన్నాడు, వెనక సీట్లోంచి అత్తయ్య తల బయట పెట్టి, నాయనా, వాళ్లు కుస్కుస్‌లో కారం గుమ్మరిస్తారు, నా కడుపు మండితే నువ్వొచ్చి ఆర్పుతావా, అనేసరికి నవ్వుతూ గేటెత్తాడు, అత్తయ్య నోరు అప్పుడప్పుడూ పనికొస్తుంది. ఇంటి బేరం మాత్రం నాదే, అల్జీరియా నంబరు పలక కనబడితే చాలు అద్దె రెట్టింపవుతుందని కారు సందు మలుపులో ఆపించి ఒక్కదాన్నే వెళ్లాను, మా అన్నాబా యాసకీ వాళ్ల యాసకీ ఎంత దూరం గనక, కాస్త సాగదీసి ట్యునీషియా దానిలాగే మాట్లాడాను, ఇంటావిడ బహీజా మర్యాదగా తలూపుతూ అంతా విని, నీ మాట బాగానే ఉంది తల్లీ, కానీ సముద్రానికి స్నానానికొచ్చేటప్పుడు మా ఆడవాళ్లెవరూ చంకలో కుస్కుస్ గిన్నె పెట్టుకుని రారు, అంది, అప్పుడు చూసుకున్నాను, కారులో అత్తయ్య కాళ్లకి అడ్డమని గిన్నె దించి చంకన పెట్టుకునే వచ్చేశాను, ఇద్దరం మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం, నవ్వించినందుకు అద్దె తగ్గించింది, పళ్లెం నిండా మక్రూత్ ఇస్తే ఖాళీ పళ్లెం తిరిగివ్వకూడదని దాని నిండా అంజూరాలు పోసి పంపింది, పొద్దున్న మేం తిన్నవి అవే.

అమ్మో మా వంతు వచ్చింది, లఖ్దర్ పక్కకి తిరిగి నిలబడ్డాడు, తనకి సిగ్గు, పొద్దున్నించీ సణుగుతూనే ఉన్నాడు, నేను బస్సు కండక్టర్ని వసీలా, ఏడేళ్లవాణ్ని ఒళ్లో కూచోబెట్టుకుని వీడింకా పాలు మానలేదండీ అనే తల్లులతో రోజూ తగువు నాది, ఇప్పుడు నా పెళ్లామే ఆ పని చేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను, అని, ఇది నీ బస్సు కాదుగా, నీ మొహం సముద్రం వైపు పెట్టుకో అన్నాను, అలాగే పెట్టాడు పాపం, గేటు దగ్గరి మీసాలాయన తఖ్వాని చెక్క దగ్గరికి పిలిచాడు, వెళ్లింది, ఆనుకుంది, గౌను కుచ్చిళ్లు నేల మీద అరంగుళం పరుచుకున్నాయి, బిస్మిల్లా, గీత కిందే, చిన్నదే అన్నాడాయన, పసుపురంగు కాగితం పట్టీ ఒకటి దాని మణికట్టుకి చుట్టాడు, లఖ్దర్‌కి మాత్రం అన్నీ ఎక్కే నీలంపట్టీ, పిల్లని గద్ద ఎక్కించడానికి, నాకూ అత్తయ్యకీ తిరిగి చూడ్డానికి మాత్రమే ఉండే చవక టికెట్లు, నేనెలాగూ ఎక్కను, ఎత్తు నాకు పడదు, కళ్లు తిరుగుతాయి, అత్తయ్య నల్ల మలాయా ముసుగు నిండా ఒళ్లు కప్పుకుని కుంటుతూ నడిచింది, బయటి తిండి లోపలికి రానివ్వరని ఆ మలాయా లోపల నాలుగు రొట్టెలు, ఉడికించిన గుడ్లు, అంజూరాల మూట, ముసలమ్మ ఒళ్లు ఎవడు తడుముతాడు, కాపలావాడు పైగా చెయ్యి పట్టుకుని గడప దాటించాడు, నీ తల్లి కడుపు చల్లగుండ నాయనా అని దీవించింది దొంగ, లోపల, లోపల ఉన్నాం, పిల్లకి దమ్మిడీ ఖర్చు లేకుండా లోపల ఉన్నాం, నాకు చప్పట్లు కొట్టాలని ఉంది.

పాటలు, నీళ్ల తుంపర, వేగిన పిండి వాసన, గుండ్రంగా తిరిగే గుర్రాలు, దేన్నీ చూడదు తఖ్వా, తండ్రిని చెయ్యి పట్టి లాగుతూ తిన్నగా గద్ద దగ్గరికి, ఎండలో వరస పాములా ఉంది, నేనూ అత్తయ్యా కమ్మీ పక్కనే వాళ్లతో జరుగుతూ, తాగు, నీళ్లు తాగు, భయమేస్తే నాన్న చెయ్యి పట్టుకో, నాకేం భయం, పైకి వెళ్లాక మీకు చెయ్యి ఊపుతా, బహీజా వాళ్ల ఇల్లు కనిపిస్తుందా అమ్మా, కనిపిస్తుందే, అన్నాబా కూడా కనిపిస్తుందేమో చూడు, వాళ్ల వంతు రానే వచ్చింది, ఇక్కడా కొలతచెక్క ఉంది, తఖ్వా ఎవరూ అడక్కుండానే వెళ్లి సిపాయిలా నిలబడింది, ఆహా, గీత పైన బొటనవేలంత నా బిడ్డ, అక్కడున్న అమ్మాయి నవ్వింది, అంతలో దాని మణికట్టు చూసి నవ్వు ఆపేసింది, పసుపుపట్టీ అండీ, చిన్నపిల్లల ఉయ్యాలలకే ఇది, గద్దకి నీలంపట్టీ ఉండాలి, అది టికెట్టున్నవాళ్లకే ఇస్తారు, ఎత్తు సరిపోయింది కదమ్మా అన్నాడు లఖ్దర్, సరిపోయిందండీ, మరి గేటు దగ్గర ఎలా కొలిచారో ఏమో, అంటుండగానే నా కూతురు, నోట్లో నువ్వుగింజ నానదు కదా, నేను చెబుతా, గేటు దగ్గర మోకాళ్లు వంచాను, ఇక్కడ వంచలేదు, అలాగే చెయ్యాలని అమ్మ చెప్పింది, అని వరసంతా వినపడేలా చెప్పేసింది, ఎవరో పకపకా నవ్వారు, వెనకనుంచి ఎవరో భలే అమ్మండీ అన్నారు, కాళ్ల కింద నేల చీలితే బాగుండనిపించింది, అత్తయ్య ఒక్కతే, ఓహో, పొడుగు గౌను ఇందుకా, అంది.

లఖ్దర్ నా వైపు చూశాడు, తిట్టలేదు, వెళ్లి టికెట్టు కొనుక్కొస్తా అన్నాడు, అప్పుడైనా సరే అనొచ్చు కదా, నా బుర్ర ఊరుకోదు, అప్పటికే లెక్క మొదలెట్టేసింది, ఉయ్యాలలు ఉచితమే కదా, గుర్రాలున్నాయి కదా, వచ్చే ఏడు ఎలాగూ టికెట్టు కొనాల్సిందే, అప్పుడు ఎక్కితే, ఈ మాటలేవీ నేను పైకి అనలేదు, దేవుడి సాక్షిగా అనలేదు, కానీ తఖ్వా నా మొహమే చూస్తోంది, చూస్తూ చూస్తూ మెల్లిగా మోకాళ్లు వంచింది, ఎవరూ వంచమనకుండానే, గౌను కుచ్చిళ్లు నేల మీద పరుచుకున్నాయి, వద్దులే నాన్నా, నేను చిన్నదాన్నే, పైకెళ్తే నాకు కళ్లు తిరుగుతాయి, ఉయ్యాల ఎక్కుతాలే, అంది. కళ్లు తిరుగుతాయట, ఎప్పుడు తిరిగాయే నీకు, ఎక్కడ నేర్చావే ఆ మాట, అది నాది, ఆ మాట నాది, నా చిన్నప్పుడు అన్నాబా సముద్రం ఒడ్డు, పండగ తిరునాళ్లు, పెద్ద రంగులరాట్నం, మా నాన్న అన్నయ్యలిద్దర్నీ ఎక్కించి జేబులో చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు, చెయ్యి పైకి రావడం లేదు, అందరు పిల్లలూ చూస్తున్నారు, నాన్న మెడ ఎర్రబడింది, నాకొద్దు నాన్నా, కళ్లు తిరుగుతాయి అన్నాను నేను, ఎంత హాయిగా ఊపిరి వదిలాడో, నా బంగారుతల్లి అని నెత్తిన చెయ్యి వేశాడు, ఆ చెయ్యి బరువు ఇప్పటికీ ఉంది నెత్తిన, ఆ తర్వాత ఎప్పుడూ తిరిగాయి నాకు కళ్లు, మేడమెట్లు ఎక్కమన్నా, పడవ ఎక్కమన్నా, పెళ్లయిన కొత్తలో లఖ్దర్ కొండ మీదికి తీగ మీద వేలాడుతూ వెళ్లే బండి ఎక్కిద్దామన్నా, ఎవరూ అడక్కముందే తిరిగేవి, ఇప్పుడు తఖ్వా నా కళ్లలోకి చూస్తూ ఆగింది, ఆ మాట కోసమే, నా బంగారుతల్లి అనే మాట కోసమే ఆగింది, ఆ మాట నా గొంతు దాకా వచ్చేసింది కూడా, గుటక వేసి మింగేశాను, ఏడుపొచ్చింది.

నిలబడవే, నిటారుగా నిలబడు, నువ్వు చిన్నదానివి కాదు, ఏడాదంతా పప్పు తిని పెరిగావు, అని దాని చెయ్యి పట్టుకుని పరిగెత్తాను, గుర్రాల పక్కనుంచి, తుంపరలోంచి, దాని గౌను అడ్డం పడితే ఎత్తి నడుముకి దోపాను, వెనకాల లఖ్దర్, ఆగవే, నేను వెళ్తానుగా, ఎవరాగుతారు, గేటు దగ్గర మీసాలాయన మమ్మల్ని చూశాడు, పిల్లని చూశాడు, పిల్ల తనే వెళ్లి చెక్కకి ఆనుకుని గడ్డం పైకెత్తింది, ఇంతలోనే ఇంత పెరిగిందా తల్లీ, మా ట్యునీషియా గాలి బాగా పడినట్టుంది, అన్నాడు, మీసం కింద నవ్వు దాచుకుంటూ, పడింది నాయనా, నాకూ పడింది, ఇద్దరికీ ఇవ్వు నీలంపట్టీలు, అని అటు తిరిగి రొమ్ము మీది సంచీ విప్పాను, ఇద్దరికా, అన్నాడు లఖ్దర్ రొప్పుతూ, నీకు కళ్లు తిరుగుతాయి కదే, ఎవరు చెప్పారు, నువ్వే, పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతున్నావు, చెప్పే ఉంటానులే, నువ్వు మీ అమ్మ దగ్గర కూచో, గుడ్లు వొలుచుకుని తినండి, కండక్టరు నవ్వాడు, టికెట్టు లేకుండా ఎక్కినవాళ్లకి మా బస్సులో జరిమానా కూడా ఉంటుంది తెలుసా, రాత్రికి కడతానులే పో.

ఇనప కమ్మీ వచ్చి పొట్ట మీద టక్కున పడింది, కాళ్ల కింద నేల లేదు, చెప్పు ఒకటి జారిపోయింది, పోనీ, తఖ్వా వేళ్లు నా వేళ్లలో, లేస్తోంది, గద్ద లేస్తోంది, యా అల్లా, గేటు, కొలతచెక్క, నల్లటి చుక్కలా అత్తయ్య, చెయ్యి ఊపుతున్న లఖ్దర్, బహీజా మేడ మీద ఆరేసిన మా తువ్వాళ్లు, అమ్మా మన తువ్వాళ్లు, చూశానే, ఇప్పుడు తిరుగుతాయి, ఇదిగో ఇప్పుడు, పళ్లు బిగపట్టి చూస్తున్నాను, రెక్క సముద్రం వైపు ఒరిగింది, నీలం మొత్తం నా ఒళ్లోకి వచ్చి పడింది, ఎవరో గొంతు చించుకుని కేక వేస్తున్నారు, ఎవరా అని చూస్తే నేనే, తఖ్వా నవ్వుతోంది, అమ్మా నీకు కళ్లు తిరుగుతున్నాయా, కళ్లు ఇంత పెద్దవి చేసి సముద్రాన్నీ, తఖ్వానీ, మళ్లీ సముద్రాన్నీ చూశాను, లేదే, తిరగడం లేదు, నాకు ఎప్పుడూ కళ్లు తిరగలేదు.