విన్నవాడు తాడు పట్టాలి

నేను ఒక అరుపుని. ఇనుప డబ్బాలో కూర్చోబెట్టిన అరుపుని. పక్కనున్న పిడి పట్టుకుని తిప్పితే లోపలి చక్రం గాలిని కోస్తుంది, నేను కూస్తాను. సైరన్ అంటారు నన్ను. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, తిప్పేవాడికి కండ ఉంటే చాలు. మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. ఇష్టం లేనివాళ్ళు చెవులు మూసుకోండి, అయినా వినపడుతుంది.

నన్ను యుద్ధం కోసం చేశారు. పొరుగు దేశంతో కొట్లాట ముంచుకొచ్చిందని ఏదో షెడ్డులో హడావిడిగా బిగించి, విశాఖపట్నం రేవు దగ్గర ఒక సర్కారు మేడ మీదికి ఎక్కించారు. శత్రువు విమానం వస్తే నేను అరవాలి, జనం ఇళ్ళల్లోకి దూరి దీపాలార్పుకోవాలి. తీరా చూస్తే నా రంగు ఆరేలోపే ఆ యుద్ధం అయిపోయింది! ఒక్క కూతైనా కూయకుండా కాకులకు పీటనయ్యాను. కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరూ నన్ను చూసి "ఇదేమిటయ్యా?" అనేవాడు. చెప్పగలిగినవాళ్ళంతా రిటైరైపోయారు. చివరికి మేడ కూల్చినప్పుడు కిటికీ ఊచలతో పాటు నన్నూ తుక్కులో పడేశారు.

పాత ఇనుము అమ్మే ఖాదర్ కొట్లో నన్ను చూసింది గనగళ్ళ మసేనమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే జాలారి మనిషి.

"ఇదేటి సాయిబూ, మిషినా?"

"తిప్పి చూడక్కా."

తిప్పింది. ఆటో ఆగిపోయింది. ఎదురింటి మేక తాడు తెంపుకుని పారిపోయింది. మసేనమ్మ కళ్ళు మెరిశాయి. గంపెడు ఎండు నెత్తళ్ళు అక్కడే దించేసి, అదే గంపలో నన్నెత్తుకుంది. సగం దారిలో ఏడ్చింది కూడా. అంతకు ముందేడు గాలివానలో వాళ్ళ తెప్ప ఒడ్డు దగ్గరే కెరటానికి బోల్తా పడింది. లాగడానికి జనం కావాలని ఆమె గొంతు చించుకుంటే గాలి ఆ గొంతును మింగేసింది. ఊరికి వినపడలేదు. మరిది దక్కలేదు. ఆనాటి నుంచి ఆమె వెతుకుతున్నది నాలాంటి గొంతు కోసమే.

అలా వాళ్ళ ఊరి ఒడ్డున ఇసుకలో, దుంగ మీద బిగించారు నన్ను. సముద్రం మొహం మార్చగానే మసేనమ్మ నన్ను తిప్పుతుంది. నడిసంద్రంలో తెప్పలు ఒడ్డుకు తిరుగుతాయి, ఊరు ఊరంతా తాళ్ళు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. ఒకటే కట్టుబాటు: విన్నవాడు తాడు పట్టాలి. నిన్న వల దగ్గర తలలు పగలగొట్టుకున్నవాళ్ళయినా సరే. నేనొచ్చాక ఆ ఒడ్డున మనిషి పోలేదు. గొప్ప చెప్పుకుంటున్నానా? చెప్పుకుంటాను.

ఇంతలో ఎక్కడో రెండు దేశాలు కొట్టుకోవడం మొదలెట్టాయి. వారం రోజుల్లో తేల్చేస్తామన్నారు. ఆ వారంలో మా ఊళ్ళో పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి పోతోంది, వాళ్ళింకా తేల్చలేదు. ఆ దేశాలు ఎక్కడున్నాయో మా వాళ్ళకు తెలియదు గానీ డీజిలు ధర లేచింది, రొయ్య ధర పడింది, ఆ సంగతి మాత్రం బాగా తెలుసు. ప్రపంచంలో ప్రతి దేశం ఆ మోత విన్నది. ఒక్కరైనా తాడు పట్టారా? ఎవడి గోదాము వాడు చూసుకున్నాడు, ఎన్ని తూటాలున్నాయి, ఎన్నాళ్ళొస్తాయి అని. నిన్న ఛీ అన్నవాడి దగ్గరే ఇవాళ చమురు కొన్నారు. శాంతి సభకు వెళ్ళి, గుమ్మం బయట ఫిరంగులు బేరమాడారు. ఇంత చదువుకున్న లోకం ఇంతేనా!

చివరికి ఆ సెగ నా దాకా వచ్చింది. ఎవడో నా కూత ఫోనులో వీడియో తీసి లోకమంతా పంచితే, అది చూసి పౌరరక్షణ ఆఫీసరు జోగారావు జీపేసుకుని దిగాడు.

"అమ్మా, ఇది ప్రభుత్వం సొత్తు. పొరపాటున తుక్కులో కలిసింది. పట్టుకెళ్ళాలి."

"ఆలెక్కడో కొట్టుకుంటే మా సైరన్ మీకెందుకు బావూ?"

"రేపు మన మీదికి వస్తే? కొత్తవి ఆర్డరు పెడితే ఫ్యాక్టరీలకు ఖాళీ లేదంటున్నారు. ఆ యుద్ధంలో మొదట కూలేవి కరెంటు స్తంభాలేనట. చేత్తో తిప్పేది ఇప్పుడు బంగారం."

నా ఇనుము పొంగింది, అబద్ధమెందుకు! రాకెట్లు పేల్చే లోకానికి ఇంత కాలానికి నేను కావాల్సొచ్చాను. ఆ మరుక్షణమే మసేనమ్మ మొహం చూశాను. పొంగు చప్పున దిగిపోయింది.

"ముందు పనిచేస్తుందో లేదో చూద్దాం" అని జోగారావు పిడి పట్టుకున్నాడు.

"తిప్పకండి బావూ! తెప్పలు సంద్రంలో ఉన్నాయి. తిప్పకండంటే ఇనరేటి!"

తిప్పాడు. నేను ఆగుతానా? కూశాను, పైప్రాణాలు పైనే పోయేలా కూశాను.

పొయ్యి మీద కూర వదిలి ఆడవాళ్ళు, గడ్డం సగం గీయించుకున్న మగవాళ్ళు, అందరూ తాళ్ళతో ఒడ్డుకు పరుగు. సంద్రంలో తెప్పలన్నీ ఒడ్డు వైపు మొహం తిప్పాయి. ముందు తెప్పలోంచి మసేనమ్మ పెనిమిటి ఎల్లాజీ నడుం లోతు నీళ్ళలోకి దూకాడు.

"ఎవలు మునిగిపోనారు?"

"ఎవలూ మునగనేదు" అంది మసేనమ్మ. "ఈ బావు సరదాకి తిప్పీసినాడు."

"సరదాకా? వలలు ఇడిసీసి వొచ్చినాం! ఒరే, ఎవడైతే ఏటి, ఇన్నోడు తాడు పట్టాల. తిప్పినోడు ముందు పట్టాల. ఇప్పండి ఆ బూట్లు!"

జోగారావు బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తాడందుకున్నాడు. హైలెస్సా! మొదటి తెప్పకే అరచేతులు కందాయి. రెండో తెప్పకు కెరటం అతన్ని కూలదోసింది, టోపీ కొట్టుకుపోయింది, ముసలమ్మలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మూడో తెప్పకు అందరికంటే గట్టిగా హైలెస్సా అన్నది జోగారావే.

తర్వాత ఇసుకలో కూర్చుని, మసేనమ్మ పెట్టిన వంజరం చేప ముక్క తింటూ అన్నాడు: "పదేళ్ళుగా ఊరూరా సైరన్ పాఠాలు చెబుతున్నానమ్మా. మోగితే జనం సెల్ఫోను తీసి వీడియో పడతారు. కదిలిన ఊరు ఇదొక్కటే. దీన్ని పట్నంలో మేడెక్కించి ఏం లాభం? ఇక్కడే ఉండనీ. తీరానికి ఇదే కాపలా అని పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను. కానీ శత్రు విమానాలొస్తే కూసే కూత వేరే ఉంటుంది, హెచ్చి తగ్గుతూ. అది వింటే ఇంట్లో దాక్కోవాలి."

"మా ఇల్లు చూసినారా బావూ? రేకుల సెడ్డు. బాంబు కాదు, కాకి వాలినా ఒంగిపోద్ది. దాక్కోడానికి గట్టి గోడ కట్టండి, ఆ కూత నేర్సుకుంటాం."

జోగారావు గట్టిగా నవ్వాడు, ఆ తర్వాత లేచి గోడకు చోటు చూశాడు. ఇప్పుడు ఇసుక దిబ్బ వెనక గోడ లేస్తోంది. తుఫానుకైనా పనికొస్తుందని మసేనమ్మ రోజూ వెళ్ళి మేస్త్రీని తిడుతోంది. విమానాల కూత కూడా నేర్చుకుంది. నేను మాత్రం ఆ కూత నిజంగా కూయకుండానే తుప్పు పట్టి చావాలని కోరుకుంటున్నాను.

అదిగో, తూర్పున నల్లగా కమ్ముకొస్తోంది. మసేనమ్మ చెంగు నడుముకు దోపుకుంటూ నా వైపే వస్తోంది. పిడి తగులుతుంది, కాస్త జరగండి. ఇంతసేపూ నన్ను విన్నారుగా? తాడు అక్కడుంది.