ఎదురుగానే ఆస్పత్రి

ఆదివారం మ్యాట్నీకి మదనపల్లె సినిమా హాలు కిటకిటలాడింది. టమోటా యార్డులో కాయలేరే ఆడవాళ్లంతా వచ్చారు. రాకుండా ఎలా ఉంటారు? తమతో పాటు కాయలేరే మునిరత్నమ్మ కూతురు వెన్నెల తెరమీద కనిపిస్తుంటే! పల్లెటూరి పిల్ల లోకం తెలుసుకుంటూ ఎదిగే కథ అది. తండ్రి జైల్లో ఉన్న సంగతి దాచుకుంటూ వచ్చిన ఆ పిల్ల, చివర్లో బడంతటి ముందూ నిలబడి "ఇంక దాచను" అంటుంది. ఆ మాటకు హాలంతా ఈలలే ఈలలు.

ఆ ఈలల మధ్యే తల్లి తన చెయ్యి గట్టిగా పట్టుకోవడం వెన్నెలకు తెలిసింది. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది.

"ఏమైంది మా?"

"ఎదలో పట్టేసినట్టుండాది పాపా. దవడ దాకా లాగతాండాది. గ్యాసేలే."

మునిరత్నమ్మకు హెచ్‌ఐవీ ఉంది. చనిపోయిన భర్త నుంచి సోకింది, వెన్నెలకు లేదు. తల్లీకూతుళ్లకూ, మేనమామ మునిశేఖర్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్లో ఎవరి కంటనైనా పడతానని ఆమె ఎంతో దూరంలో ఉన్న కుప్పం వెళ్లి మాత్రలు తెచ్చుకునేది. ఒక్క పూట కూడా తప్పలేదు. వైరస్ అదుపులోనే ఉంది. అయితే ఈ జబ్బున్నవాళ్లకు గుండెజబ్బు తొందరగా రావచ్చు, పరీక్ష చేయించుకోమని అక్కడి డాక్టరు ఎంత చెప్పినా, గుట్టు బయటపడుతుందని ఆమె వాయిదా వేస్తూ వచ్చింది.

హాలుకు ఎదురుగానే ఆస్పత్రి. రోడ్డు దాటితే చాలు. వెన్నెల తల్లిని అటు నడిపించబోతే, వాళ్లను కార్లో సినిమాకు తీసుకొచ్చిన మునిశేఖర్ అడ్డం నిలబడ్డాడు.

"ఆడికి యాల? రక్తం తీస్తే అంతా బయటపడతాది. వచ్చేవారం నా కూతురి నిశ్చితార్థం పెట్టుకోనుండాను. ఊరంతా తెలిసినాక మన గడప ఎవురు తొక్కుతారు? కుప్పం పోదాం, కారెక్కండి."

"ఎదురుగానే ఉండాది గదా మామా..."

"నోరు మూసుకో! సినిమాలో మాట్లాడినట్టు ఈడ మాట్లాడద్దు."

తెరమీద అంత ధైర్యం చూపిన పిల్ల నోరు మూసుకుంది.

కారు పుంగనూరు చేరకముందే మునిరత్నమ్మ తల కూతురి భుజం మీదికి ఒరిగింది. "ఎవురికీ చెప్పద్దు పాపా" అన్నదే ఆమె ఆఖరి మాట. పుంగనూరులో చూసిన డాక్టరు గుండెపోటన్నాడు. మదనపల్లెలోనే చూపించి ఉంటే బతికేదేమో అని బాధపడ్డాడు.

"గుండెపోటే గదా," అని మునిశేఖర్ ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలే, మంచిపేరుతో పోయింది."

దినాలు అయ్యాక సినిమావాళ్లు అదే హాల్లో విజయోత్సవ సభ పెట్టారు. ఆ డైలాగు చెప్పమని జనం అరిచారు. వెన్నెల మైకు పట్టుకుంది.

"ఇంక దాచను. మా అమ్మకు హెచ్‌ఐవీ ఉండె. దాంతో సావలేదు. గుండెనొప్పి వస్తే, ఎదురుగా ఉండే ఆస్పత్రికి పోకుండా కారెక్కించినాం. నేను నోరు మూసుకున్నాను."

కొత్త సినిమాలో డైలాగనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే గానీ నిజమని అర్థం కాలేదు. చప్పట్లు ఆగిపోయాయి. అంతకుముందే ఆమెతో సెల్ఫీ దిగినవాళ్లు చేతులు తుడుచుకున్నారు. యార్డులో ఏళ్ల తరబడి మునిరత్నమ్మతో ఒకే గిన్నెలో తిన్న నాగరత్నమ్మ తన కుర్చీ దూరంగా జరుపుకుంది.

అమ్మలారా, అయ్యలారా! పక్కన కూర్చుంటేనో, కలిసి తింటేనో ఆ జబ్బు ఎవరికీ అంటదు. ఎదనొప్పి వస్తే మాత్రం, ఎవరికైనా సరే, దగ్గరున్న ఆస్పత్రే దిక్కు. మునిరత్నమ్మ మనకు భయపడి ఆ రోడ్డు దాటలేదు. ఆమె చావులో మనందరికీ పాలుంది.