గుర్రం పళ్ళ మాట

ఆ దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించేది ఆవిడే. అందరూ మాస్టరమ్మ అంటారు. ఒక మధ్యాహ్నం ఆవిడ చొక్కా చేతులు కత్తిరిస్తుంటే, పక్కగదిలో యజమాని ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. ఆవిడ చెవిన పడినవి రెండు ముక్కలు: ‘లాంగ్ ఇన్ ద టూత్’, ‘పుట్ అవుట్ టు పాస్చర్’. అవి అంటూ అతను తలుపు సందులోంచి తనవైపే చూశాడు.

ఇంటికెళ్ళగానే ఆ రెండు ముక్కలకీ అర్థమేమిటని చెల్లెల్ని పట్టుకుంది. చెల్లెలు బడిలో ఇంగ్లీషు చెబుతుంది.

“ఎవర్నన్నారక్కా?”

“ఎవర్నైతే నీకెందుకు? అర్థం చెప్పు.”

“ముసలైపోయారని. గుర్రానికి వయసు మీదపడేకొద్దీ చిగుళ్ళు వెనక్కిపోయి పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. కొనేవాళ్ళు నోరు తెరిపించి చూసేవారు. రెండోదీ గుర్రాల మాటే. బండి లాగలేనిదాన్ని పచ్చిక మీదికి వదిలేస్తారు. మనుషులకైతే, ఇక పని మానెయ్యమని.”

 మాస్టరమ్మ పెరట్లోకి వెళ్ళి చిన్న అద్దంలో పళ్ళు చూసుకుంది.

మర్నాటి నుంచి ప్రతిదీ అనుమానమే. కాజాలు కుట్టే కొత్తమ్మాయి తన బల్ల చుట్టూ ఎందుకు తచ్చాడుతోంది? ఎన్నడూ లేనిది యజమాని స్వయంగా టీ తెచ్చి ఇవ్వడమేమిటి?  పైగా తను కత్తిరించిన మూటలు మిషన్ల దగ్గరికి కాకుండా ముందు అతని గదిలోకి వెళుతున్నాయి.

ఒకరోజు ఆగలేక ఆ తలుపు తోసేసింది. యజమాని నేలమీద కూర్చుని చొక్కా చేతులు కత్తిరిస్తున్నాడు. పక్కన మాస్టరమ్మ పొద్దున కత్తిరించినవి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అన్నీ ఎడమచేతివే, కుడిచేతిది ఒక్కటీ లేదు.

“ఎన్నాళ్ళుగా?” అంది నీరసంగా.

“కొన్నాళ్ళుగానే అక్కా. గుడ్డ తిరగబడి ఉన్నా మీకు తెలియడం లేదు, కుడిచేతివీ ఎడమచేతివైపోతున్నాయి. మొన్న ఫోనులో మా అన్నయ్య మీరు ముసలైపోయారు, మాన్పించెయ్యమన్నాడు. అతని మాటలే అతనికి తిప్పికొట్టి, నేను ఒప్పుకోనన్నాను. కత్తెర పట్టడం నేర్పింది మీరు, ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

ఆవిడకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “గుర్రానికైనా ఎదురుగా నిలబడి నోరు తెరిపించి చూస్తారు. నువ్వు నా వెనక చూశావు. నేనేమో నిన్ను దొంగను చూసినట్టు చూశాను.”

అతను కత్తెర పక్కన పెట్టి లేచాడు. తర్వాత ఇద్దరూ కలిసే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారమ్మా అన్నాడు డాక్టరు. 

ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా టైముంది. ఈలోగా గుడ్డమీద సుద్దతో గీత ఆవిడ గీస్తుంది, పని నేర్చుకోవాలనే ఆ బల్ల చుట్టూ తిరిగిన కాజాల అమ్మాయి కత్తిరిస్తుంది. ఆ పిల్ల కత్తెర గీత దాటితే మాస్టరమ్మ వెనకాల దిద్దకుండా అక్కడే, అందరి ముందే చెప్పేస్తుంది.