పేలుద్దంటారా?

నేను ఒక తూటాను. చిటికెనవేలి చివరి కణుపంత ఉంటాను. పైన రాగి పూత పూసిన సీసం గుండు, కింద ఇత్తడి గొట్టం, గొట్టంలో చిటికెడు మందు, అడుగున బొట్టుబిళ్లంత టోపీ. ఆ టోపీని పిస్తోలు లోపలి సూది పొడిస్తే మందు అంటుకుని గుండు ఎగిరిపోవాలి. నా జాతకం అంతే. మనుషుల జాతకాల్లాగా శని, రాహువు అంటూ సాగదీయడానికి అందులో ఏమీ లేదు.

కర్మాగారంలో నాతోపాటు వేలమంది పుట్టారు. నడివయసు ఆవిడ ఒకరు కళ్లజోడు సర్దుకుంటూ మమ్మల్ని బల్ల మీద దొర్లించి, సొట్టలున్నవాళ్లను పక్కకు నెట్టేవారు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగారు. తర్వాత వదిలేశారు. ఎందుకు ఆగారో నాకు నేటికీ తెలియదు. ఆ అనుమానం తీర్చకుండా వదిలేసినందుకు ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే.

బెజవాడలో ఒక తుపాకుల కొట్టులో నన్ను గోపాలరాజుగారు కొన్నారు. ఆకివీడు దగ్గర ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. పక్క ఊళ్లో ఎవరో కాపలావాణ్ని కొట్టి చెరువు మోటార్లు ఎత్తుకుపోయారని తెలిసి, రాజుగారు లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి అరచేతిలో ఇమిడే పిస్తోలు ఒకటి సంపాదించారు. కొట్టు యజమాని ఆయనకు బొట్టు పెట్టి చెప్పినంత పని చేశాడు. ఇంత చిన్న పిస్తోలులో స్ప్రింగు బిగువు, గొట్టం పొట్టి, తూటాలో ఏ కాస్త తేడా ఉన్నా ఇరుక్కుంటుంది, లేదా అసలు పేలదు. కాబట్టి ముందు కొన్ని పేల్చి చూసుకోండి, నడుముకు పెట్టుకు తిరిగిన వాటిని ఏడాదికోసారి మార్చండి అన్నాడు.

రాజుగారు అంతా విని తలాడించి, ఒక్కటి కూడా పేల్చలేదు, ఏళ్లు గడిచినా మార్చలేదు. పేల్చి చూస్తే ఆ తూటా మంచిదని తేలుతుంది గాని, ఆ మంచి తూటా ఇక ఉండదు. మిగిలినవి మంచివో కావో మళ్లీ తెలియదు. ఈ చిక్కుముడిలో పడ్డాక ఆయనకు నిద్ర కరువైంది. దొంగల భయం పోయి తూటా భయం పట్టుకుంది.

ఇక నా అవస్థలు చెప్తాను. ఆయన నన్ను కొబ్బరికాయలాగా చెవి దగ్గర పెట్టి ఊపేవారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. నడుం దగ్గర చెమటకు నేను మెత్తబడ్డానేమోనని, ఆయన భార్య లలితాయమ్మగారు మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టినప్పుడల్లా నన్నూ ఒక వరసలో కూర్చోబెట్టేవారు. ఒకసారి కాకి నన్ను ముక్కుతో పొడిచి, వడియం కాదని తెలుసుకుని, నా వంక చాలా చులకనగా చూసి వెళ్లింది. లలితాయమ్మగారి వంతు దసరాకు వచ్చేది. క్షత్రియుల ఇల్లు, ఆయుధ పూజ మానడానికి వీల్లేదు. పిస్తోలుకూ మాకూ పసుపునీళ్లతో స్నానం, కొబ్బరినూనె మర్దన, గంధం, కుంకుమ. టోపీ మీద సరిగ్గా సూది పడేచోట ఆవిడ భక్తిగా బొట్టు పెట్టేవారు. నూనె సందులోంచి లోపలికి దిగుతుంటే, పేలడానికి పుట్టినవాణ్ని పెళ్లికొడుకుని చేస్తున్నారేమిటని ఏడుపొచ్చేది.

పిస్తోలు సంగతి పరమ రహస్యం. చొక్కా కింద, నడుముకు తోలు సంచిలో. కాకపోతే అడుగుకోసారి రాజుగారి చెయ్యి అక్కడ తట్టి చూసుకుంటూ ఉండడంతో, టీ కొట్టువాడు కూడా రాజుగారి తర్వాత పిస్తోలు క్షేమం అడిగేవాడు. రాజుగారు మొహమాటం లేకుండా అందరినీ ఒకటే అడిగేవారు: “పేలుద్దంటారా?” పురోహితుణ్ని అడిగారు. పశువుల డాక్టరుని అడిగారు. అందరికంటే ఎక్కువగా తమ్ముడు జగన్నాథరాజుగారిని అడిగారు. తమ్ముడిగారి చెరువు పక్కదే. పొద్దున్నే గట్టు మీద ఇద్దరూ కలుసుకుంటే మొదట మేత సంగతి, తర్వాత నా సంగతి. చినరాజుగారు ఓపిగ్గా వినేవారు. వడియాలతో ఎండబెట్టడం మంచిది కాదేమోనని కూడా ఒకటి రెండుసార్లు అన్నారు.

లలితాయమ్మగారు మాత్రం ఒకసారి భర్తను ఎదురు అడిగారు, పేలకపోతే ఏమవుతుందని. ఆయన నన్ను మళ్లీ చెవి దగ్గర పెట్టి ఊపారు.

ఆ ఏడు వేసవిలో చినరాజుగారి చెరువుకు మచ్చల తెగులు వచ్చింది. ఆ తెగులు సోకితే చెరువు దక్కదు. అలాంటి నీళ్లు బయటికి వదిలేముందు మందు కొట్టాలి, పక్కవాళ్లకు చెప్పాలి. అదొక కట్టుబాటు. చినరాజుగారు ఆ రెండూ చెయ్యకుండా తూము ఎత్తేశారు. ఎందుకు ఎత్తారో ఆయనకే తెలియాలి. నష్టంలో ఉన్న మనిషికి బుద్ధి నిలవదు. ఆ కాలువలోంచే పెదరాజుగారు, అంటే మా గోపాలరాజుగారు, నీళ్లు తోడుకుంటారు. నాలుగో రోజు పొద్దున ఆయన చెరువు నిండా రొయ్యలు తెల్లబారి తేలాయి. ఆ పంట మీదే ఆయన ఆశంతా.

పెదరాజుగారు గట్టు వెంట నడుస్తుంటే ఆయన ఊపిరి నాకు వినపడుతూనే ఉంది. తూము దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నారు. ఆయన వెనక, తూము పలక పట్టుకుని పాలేరు ఉన్నాడు. చొక్కా లేచింది. ఇన్నేళ్లకు మొదటిసారి నేను నా పని మీద బయటికి వచ్చాను. సంతోషించాను. అబద్ధం ఎందుకు, చాలా సంతోషించాను. ఎదుట ఉన్నది ఎవరని తూటా అడగదు.

ఆ ఇళ్లలో చంటిపిల్లలను కూడా మీరు అంటారు. ప్రాణం తీసేటప్పుడు కూడా ఆ అలవాటు పోదని అప్పుడే తెలిసింది.

“తమ్ముడుగారూ, కాస్త ఇటు జరగండి. వెనకాల పాలేరున్నాడు,” అన్నారు పెదరాజుగారు.

చినరాజుగారు జరిగారు. చేతులు కట్టుకున్నారు.

“తప్పు నాదేనండి అన్నయ్యా. కాల్చండి. పేలుద్దో లేదో తమరికీ తెలుసుద్ది.”

పెదరాజుగారు నొక్కారు.

సూది వచ్చి నా టోపీని పొడిచింది. నేను ఉన్న శక్తంతా కూడగట్టుకున్నాను. టక్ మంది. అంతే. చెమటో, పసుపునీళ్లో, నూనో, ఎండో, కర్మాగారంలో ఆవిడకు కనబడిన లోపమో, నాకు తెలియదు. పొట్టలో మందు పొట్టలోనే ఉండిపోయింది. ఆ సిగ్గుకు అక్కడే మట్టిలో కలిసిపోవాలనిపించింది.

“పేల్లేదండీ,” అన్నారు పెదరాజుగారు. ముందు ఆ గొంతులో ఉన్నది ఫిర్యాదే. ఎవరో మోసం చేసినట్టు తమ్ముడికే చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆయనకు తాను ఏం నొక్కారో, ఎవరి మీద నొక్కారో అర్థమైంది. బురదలో కూలబడిపోయారు. చినరాజుగారు వచ్చి ఆ చేతిలోని పిస్తోలు తీసి గట్టు మీద దూరంగా పెట్టి, అన్నగారి పక్కనే బురదలో కూర్చున్నారు. చచ్చిన రొయ్యల మధ్య ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. పాలేరు ఏం చెయ్యాలో తోచక తూము దించేశాడు.

పిస్తోలునూ తక్కిన తూటాలనూ స్టేషన్లో అప్పగించేశారు. నన్ను మాత్రం లలితాయమ్మగారు కొంగున ముడి వేసుకుని, ఇవ్వనన్నారు. ఇప్పుడు నేను దేవుడి గదిలో, సాలగ్రామం పక్కన చిన్న వెండి గిన్నెలో ఉంటున్నాను. మరిదిని కాపాడిన మహానుభావుణ్నని ఆవిడ నాకు రోజూ పువ్వు పెడతారు. చంపడానికి చేతకానివాడికి దక్కిన గౌరవం ఇది. ఆ ముక్క ఎవరితోనూ చెప్పుకోలేను.

ఇంకో ముక్క కూడా చెప్పలేను. పేలని తూటా చచ్చినట్టు లెక్క కాదు. మందు ఇంకా లోపలే ఉంది. పక్కన దీపం వెలుగుతూ ఉంటుంది. నాలో ఇంకా ప్రాణం ఉందో లేదో నాకే తెలియదు. పెదరాజుగారు ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగడం లేదు.

శనివారాలు చినరాజుగారు భోజనానికి వస్తారు. వంటింటి ముందు వసారాలో ఎదురెదురుగా రెండు ఆకులు వేస్తారు. అక్కడికి దేవుడి గది గుమ్మం తిన్నగా కనిపిస్తుంది. తమ్ముడు కాళ్లు కడుక్కుంటున్న అలికిడి వినగానే పెదరాజుగారు గదిలోకి వచ్చి, గిన్నెలో నన్ను వేలితో మెల్లగా తిప్పి, నా మొనను తమ్ముడి ఆకు మీంచి తప్పించి తన ఆకు వైపుకు పెట్టుకుంటారు. సరిగ్గా ఉందో లేదో వంగి చూసుకుంటారు. తర్వాత బయటికి వెళ్లి, “రండి తమ్ముడూ, కూర్చోండి,” అంటారు.