గోడ లేని వంటిల్లు

రామ్మోహనరావు మీద కుసుమకుమారికున్న ఫిర్యాదు పెద్దదేం కాదు. ఇంట్లో ఏదైనా తనకి నచ్చిందంటే, దాన్ని పరాయి దేశానికి ఎగుమతి చేసేదాకా ఆయనకి నిద్రపట్టదు. దుబాయిలో, అల్ నహ్దా పేటలో వాళ్ళ అద్దె ఫ్లాటులో వంటింటికి గోడ లేదు. సోఫాలో కూర్చున్నవాళ్ళకి పొయ్యి ముందు నిలబడ్డ మనిషి వీపు, వీపు మీద చెమటా కనిపిస్తాయి. ఆయన స్నేహితులొస్తే ఆమె ఒక చేత్తో చున్నీ సర్దుకుంటూ, ఇంకో చేత్తో బజ్జీలు తియ్యాలి. "తెరైనా కట్టిద్దామండీ" అంటే, "మోడరన్‌గా ఉందోయ్, దాచుకోడానికేముంది?" అనేవాడు. ఇన్నేళ్ళుగా ఆయనకి మోడరను, ఆమెకి చున్నీ.

ఆయన పనిచేసే సహాయసంస్థ, యుద్ధంలో కూలిన ఊళ్ళలో ఇళ్ళు కట్టిస్తుంది. నమూనా గీసేది ఆయనే. ఓ ఆదివారం ఆమెని పక్కకి జరగమని, టేపుతో ఈ వంటింటినే కొలుచుకున్నాడు. గోడ తగ్గితే సిమెంటు మిగులుతుంది, ఇంకో కుటుంబానికి ఇల్లొస్తుంది. కాదనడానికి లేదు.

"అక్కడి ఆడవాళ్ళనడిగారా?" అంది.

"ఊరి పెద్దలతో మీటింగు పెట్టాం."

"పెద్దలు వండుతారా?"

"నీకు వంటిల్లు తప్ప ఇంకేం తెలుసు కుసుమా" అని నవ్వాడు. మాట్లాడుతున్నది వంటింటి గురించేనని ఆమె గుర్తు చెయ్యలేదు. అవతల పప్పు మాడుతోంది.

ఇళ్ళు లేచాయి. ఆయన ఫోనులో ఫొటోలు చూపించాడు. పొయ్యిగట్టు మీద ఎక్కడా మసి లేదు. ఇళ్ళ వెనక మాత్రం టార్పాలిన్ పాకలు. ముందుగదిలోకొచ్చే పరాయి మగాళ్ళ కంటపడకుండా ఆడవాళ్ళు అక్కడ వండుకుంటున్నారు.

"అలవాటు పడతారులే" అన్నాడు, నువ్వు పడలేదా అన్నట్టు చూస్తూ.

చలికాలం ఈదురుగాలికి ఓ పాక అంటుకుంది. సుగ్రా అనే కొత్తకోడలు అందులోంచి బయటికి రాలేకపోయింది. ఆ కబురు ఆయనే చెప్పాడు. చెప్పి, మజ్జిగ వడ్డించమన్నాడు. కుసుమ వడ్డించింది. ఆ రాత్రి తను తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

విరాళమిచ్చిన దేశాలవాళ్ళు వీడియో మీటింగులో సంజాయిషీ చెప్పమన్నారు. ఆయన జవాబు తయారుచేసుకున్నాడు: ఇళ్ళు బాగానే ఉన్నాయి, లబ్ధిదారులే సరిగ్గా వాడుకోలేదు. కోవిడ్ నాటి నుంచి ఆయన మీటింగులు హాల్లోనే. ఆ సమయంలో కుక్కరు కుయ్యకూడదు, ఆమె కెమెరాలో పడకూడదు, బెడ్రూములో ఉండాలి.

ఆ రోజు ఆమె బెడ్రూములోకి వెళ్ళలేదు. చున్నీ తీసి కుర్చీకి వేసింది. ఆయన వెనకే పొయ్యి వెలిగించి, వంకాయలు తరగడం మొదలుపెట్టింది.

ఆయన మైకు ఆపి, "కుసుమా, ఏంటిది? అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"దాచుకోడానికేముందండీ."

"ఇప్పుడు కాదు, ప్లీజ్."

"అలవాటు పడ్డాననుకున్నారు మీరు" అందామె వెనక్కి తిరక్కుండానే. "ఒక్క రోజూ పడలేదు. ఆ పిల్లకి పాకన్నా ఉంది. నాకదీ లేదు."

భుజాలు కదులుతున్నాయి. కత్తి ఆగలేదు. ఆయన ఆ వీపుని చాలాసేపు చూశాడు. తెర మీద ఎవరో, మిస్టర్ రావ్, మీ మాట వినబడటం లేదంటున్నారు.

ఆయన మైకు తెరిచాడు. తయారుచేసుకున్న జవాబు వదిలేసి, వచ్చిన ఇంగ్లిషులో తడబడుతూ చెప్పాడు.

"వాడుకున్నవాళ్ళ తప్పేం లేదు. గోడ తీసేసింది నేను. అక్కడి ఆడవాళ్ళనడిగారా అన్న మనిషి నా ఇంట్లోనే ఉంది, నేను వినలేదు. తప్పు నాది."